వసుమతమ్మ వేషం

చీఫ్ ఇంజనీరు చీటీ తనకే వస్తుందని వరప్రసాద్‌కి ఎంత నమ్మకమంటే, డబ్బాలో చెయ్యి పెట్టకముందే లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం, జనవరి నెల. నాంపల్లి స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఒక పాత మేడలో నడిచే ఆ కాలేజీలో నగర నిర్మాణం డిప్లొమా చివరి సంవత్సరం వాళ్ళు పద్ధెనిమిది మంది ఉన్నారు. వాళ్ళకి పాఠం చెప్పే శ్రీరామమూర్తి మేష్టారు బొంబాయిలో ఆరు వారాల శిక్షణకని వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక ఆట పట్టుకొచ్చారు. కంప్యూటర్ మీద ఆడే ఆట. కాలేజీలో కంప్యూటర్ చూసినవాడు ఆయనొక్కడే కాబట్టి, ఆయన ఏం చెప్పినా అందరూ నోరు తెరుచుకుని విన్నారు.

"సుందరపురం అని ఒక ఊరుంది. ఎక్కడుందీ అంటే ఇదిగో, ఈ పెట్టెలో ఉంది," అంటూ ఆయన బల్ల మీద అట్టపెట్టె పెట్టారు. అందులో ఆరు వందల పన్నెండు కార్డులు, వాటి నిండా చిల్లులు. "స్టేషన్ నుంచి బజారు దాకా ఒక రోడ్డు. దాన్ని వెడల్పు చెయ్యాలి. మీరు తలో వేషం వెయ్యాలి. ఒకడు కమిషనరు, ఒకడు చీఫ్ ఇంజనీరు, ఒకడు వర్తక సంఘం అధ్యక్షుడు, ఒకడు పత్రికా విలేఖరి. సభ పెట్టి వాదించుకోండి. ఎవరి నిర్ణయం వాళ్ళు గళ్ళ కాగితం మీద అంకెల్లో రాసివ్వండి. వాటిని కార్డుల మీద చిల్లులు పొడిపించి, శనివారం పొద్దున్న ఆబిడ్స్‌లో ఒక కంపెనీవారి కంప్యూటర్‌కి మేపుతాం. అది సుందరపురంలో ఒక ఏడాది గడిపేసి, ఏం జరిగిందో కాగితం మీద కొట్టి ఇస్తుంది."

"మార్కులెట్ల సార్?" అన్నాడు రామచందర్. వాడికి ప్రపంచంలో ఏ విషయమైనా మార్కుల గుమ్మంలోంచే లోపలికి వచ్చేది.

"మూడు ఆటలు. ప్రతిసారీ అదే ఊరు, అదే రోడ్డు, అవే వేషాలు. ఆ వేషం వేసినవాడు ఎలా ఆలోచించాలో అలా ఆలోచిస్తే మార్కులు. ఇంజనీరింగ్ పుస్తకంలో దొరుకుతుంది. ఇంజనీరులా ఆలోచించడం మాత్రం దొరకదయ్యా. అది వేషం కడితేగానీ ఒంటబట్టదు."

వరప్రసాద్‌కి వేషం కూడా అక్కర్లేదు. తండ్రి తాతారావు గారు యాభై ఆరులో ఆఫీసు ఫైళ్ళతో పాటు హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్‌లో కాపురం పెట్టిన గుమాస్తా. పెద్ద ఇంజనీర్ల సంతకాల కోసం నోట్లు రాసీ రాసీ, కొడుకు నడక నేర్చుకుంటూ తూలిపడితే "చీఫ్ గారు పడ్డారు, లేపండి" అనేవాడు. ఆ లెక్కన వరప్రసాద్ రెండో ఏట నుంచే ఆ ఉద్యోగంలో ఉన్నట్టు. సంతకం కూడా తయారుగా ఉంది, కింద రెండు గీతలతో.

హార్లిక్స్ డబ్బాలోంచి చీటీ తీసి విప్పాడు. చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అసలు సంగతి అటువైపు ఉందేమోనని.

'పదిహేడు. పౌరురాలు. శ్రీమతి వసుమతి, వితంతువు, వయసు అరవై రెండు. రోడ్డు పక్క పెంకుటిల్లు, ముందు గదిలో చిన్న దుకాణం. రోడ్డు వెడల్పులో ఇల్లు పోతుంది.'

"సార్, ఇది ఆడవాళ్ళ చీటీ సార్."

"ఆ సంగతి చీటీకి తెలీదు కదయ్యా. కూర్చోండి వసుమతమ్మగారూ."

క్లాసు గొల్లుమంది. చీఫ్ ఇంజనీరు చీటీ ఎవరికి వచ్చిందో కాసేపటికిగానీ తేలలేదు. అది వచ్చిన మనిషి దాన్ని చదివి, మడిచి, కంపాస్ బాక్సులో పెట్టేసుకుంది. పేరు పద్మ. అఫ్జల్‌గంజ్ బళ్ళో పంతులుగా పనిచేసే బాలకిషన్ గారి అమ్మాయి, క్లాసులో ఉన్న ఇద్దరాడపిల్లల్లో ఒకతె. ఏడాదిన్నరలో వరప్రసాద్‌తో నాలుగు మాటలు మాట్లాడి ఉంటుందేమో. ఆ రోజు మాత్రం మెట్ల దగ్గర ఆగి, వేషంలో ఉన్న పెద్దరికానికి తగ్గట్టు పలకరించింది.

"ఏం అవ్వా, మంచిగున్నవా?"

రాత్రి అన్నం దగ్గర తాతారావు గారు, "ఆటలో నీకేం పదవి ఇచ్చార్రా?" అని అడిగారు. వరప్రసాద్ మజ్జిగ కలుపుకుంటూ, "ప్రజా సంబంధాలు నాన్నా," అన్నాడు.

అవమానం అక్కడితో ఆగలేదు. నిర్ణయాలు రాసే కాగితంలో చీఫ్ ఇంజనీరుకి నలభై గళ్ళు. కమిషనరుకి ఇరవై. వసుమతమ్మకి ఒక్కటంటే ఒక్కటి. ఒప్పుకుంటే అందులో ఒకటి వెయ్యాలి, ఒప్పుకోకపోతే రెండు. ఇరవై ఒక్కేళ్ళ వయసూ ఇంత చదువూ పెట్టుకుని అంతకంటే ఏం చెయ్యడానికీ లేదు.

అయినా మొదటి సభలో వరప్రసాద్ తగ్గలేదు. లేచి గొంతు సవరించుకుని, ప్రస్తుత వాహనాల రద్దీని బట్టి ఎనభై అడుగుల రోడ్డు అనవసరమనీ, అరవై చాలుననీ, మలుపు దగ్గర వంపు ఇంత ఉండాలనీ, దేశంలో ఏయే నగరాల్లో ఏయే ప్రమాణాలు పాటిస్తున్నారో అంకెలతో సహా అప్పజెప్పాడు. మేష్టారు ఓపిగ్గా విన్నారు.

"వసుమతమ్మగారూ, తమరు ఏ కాలేజీలో చదువుకున్నారు?"

పదికి మూడు మార్కులు వేశారు.

శనివారం ఆబిడ్స్ వెళ్ళారు. కంపెనీ మేడ మీద, చెప్పులు గుమ్మం బయట వదిలి, చలి గదిలోకి ఒక్కొక్కరే అడుగుపెట్టారు. కంప్యూటర్ మూడు బీరువాలంత ఉంది. కార్డులు పెడితే పేకముక్కలు కలిపినట్టు బరబరా మింగేసింది. కాసేపు దీపాలు మినుకుమినుకుమన్నాయి. ఆ తర్వాత పక్కనున్న మిషన్ గడగడలాడుతూ ఒక పొడవాటి కాగితం బయటికి తోసింది. మేష్టారు అది పట్టుకుని వార్తలు చదివినట్టు చదివారు. సుందరపురంలో రోడ్డు పూర్తయింది. స్టేషన్ నుంచి బజారుకి పద్నాలుగు నిమిషాలు పట్టే ప్రయాణం తొమ్మిదికి దిగింది. పోయిన ఇళ్ళు ముప్ఫై ఒకటి. వాటి నంబర్లు వరసగా ఉన్నాయి. ఇరవై రెండోది వసుమతమ్మది.

వరప్రసాద్ ఆ నంబరు వంక అలా చూస్తూ ఉండిపోయాడు. లేని ఇల్లే. అయినా పోయింది.

"ఫికర్ చెయ్యకు అవ్వా," అని కమిషనరు వేషంలో ఉన్న రామచందర్ భుజం తట్టాడు. "సర్కారు వేరే జాగ ఇస్తది. ఊరవతల."

ఆబిడ్స్ నుంచి తిరిగి వస్తూ, కోపంగా ఉన్నప్పుడు మనుషులు ఎంచుకునే అడ్డదారి ఒకటి పట్టుకుని వరప్రసాద్ ఒక సందులో దూరాడు. అక్కడ శనగలు వేగుతున్న వాసన వచ్చింది. పెంకుటిల్లు. ముందు గదిలో పొయ్యి, దాని మీద పెద్ద ఇనుప మూకుడు, అందులో నల్లటి ఇసుక. ఒక ముసలామె జల్లెడతో ఆ ఇసుకలోంచి శనగలు ఎత్తి విదిలిస్తోంది. వరప్రసాద్ గుమ్మం ముందే ఆగిపోయాడు. చీటీలోని మనిషి చీటీలోంచి లేచొచ్చి కూర్చున్నట్టుంది.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్? ఏం గావాలె?"

"పావుకిలో మరమరాలు ఇవ్వండి మామ్మగారూ."

"ముర్మురాలా? గట్లను."

ఆమె పేరు జయమ్మ. పొట్లం కట్టేలోగా వరప్రసాద్ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. కాలేజీలో ఒక ఆట ఆడుతున్నామనీ, అందులో రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, తన ఇల్లు పోతోందనీ, తను ఒక ముసలావిడననీ. అంతా ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. జయమ్మ అతణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. తొమ్మిదేళ్ళ కిందట గొలుసు పట్టుకుని ఎవరో వచ్చి ఆ సందు కొలుచుకుపోయారు. అప్పటి నుంచి చేతిలో కాగితం ఉన్న ప్రతివాడూ ఆమె లెక్కలో సర్కారు మనిషే.

"ఆట," అంది. "ఔ. సర్కారోళ్లు గట్లనే అంటరు. కూసో."

వరప్రసాద్ కూర్చున్నాడు. నోట్‌బుక్ తీశాడు. "మీ ఇల్లు కొట్టేస్తామంటే మీరేం చేస్తారు మామ్మగారూ?"

"ముందుగాల ఏడ్వను. ముందుగాల కూసుంట. నిలబడ్డోళ్లను జరుపుతరు బిడ్డా, కూసున్నోళ్లను జరుపుడు కష్టం. పెద్దసారు పేరు అడుగుత. అటెన్క సారు పిల్లలు మంచిగున్నరా అని అడుగుత. గప్పుడు చెప్పుత. గీ ఇల్లు మా మామ కట్టిచ్చిండు, నూరేండ్లయింది. నిజాం సర్కారు చిట్టీ రాసిచ్చింది, ఎవ్వరు ముట్టుకోవద్దని. ఎన్క గోడల పోచమ్మ ఉన్నది. గోడ తీస్తె తీసినోళ్లకు మంచిగ గాదు."

వరప్రసాద్ ఆవేశంగా రాసుకుంటున్నాడు.

"ఇంకొకటి. రోడ్డు ఎత్తు లేపిన్రనుకో, వానకాలం నీళ్లు ఏడికి పోతయ్? టేషన్ దిక్కుకెల్లి వస్తయ్ నీళ్లు. గిప్పుడే మెట్టు మునుగుతది. ఎత్తు లేపితే మొత్తం లైనులున్న ఇండ్లల్లకు నీళ్లు జొరబడ్తయ్. గది అడుగు పెద్దసారును. నోరు మెదపడు."

రెండో సభకి వరప్రసాద్ వాళ్ళమ్మ శాలువా కప్పుకుని వచ్చాడు. వచ్చి బెంచీ మీద కాదు, నేల మీద కూర్చున్నాడు. నవ్వులు మొదలయ్యాయి. అతను నవ్వలేదు. కమిషనరు గారి పేరు అడిగాడు. పిల్లలు కులాసాగా ఉన్నారా అని అడిగాడు. పెళ్ళే కాని రామచందర్ తడబడి "మంచిగున్నరమ్మా" అన్నాడు. అక్కడితో సభ వసుమతమ్మ చేతికి వచ్చేసింది. మామగారు కట్టించిన ఇల్లు, నిజాం రాసిచ్చిన కాగితం, గోడలో పోచమ్మ, వానలో మునిగే మెట్టు. వరప్రసాద్ చెబుతూ చెబుతూ ఎక్కడో తనే నమ్మేశాడు. శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వెనక బెంచీలో పత్రికా విలేఖరి ముక్కు ఎగబీల్చాడు.

"రోడ్డు గీత అటు దిక్కుకు జరపండి," అన్నాడు కమిషనరు, కళ్ళు తుడుచుకుంటూ.

చీఫ్ ఇంజనీరు పద్మ ఏదో అనబోయింది. సభంతా ఒక్కసారిగా ఆమె వంక తిరిగి చూసింది, ముసలమ్మ మీదకి చెయ్యెత్తిన మనిషిని చూసినట్టు. ఆమె తల దించుకుని నలభై గళ్ళలో అంకెలు మార్చింది.

శనివారం నాటి కాగితం ఇలా చెప్పింది. వసుమతమ్మ ఇల్లు నిలబడింది. రోడ్డు జంతికలా రెండు మెలికలు తిరిగింది. పద్నాలుగు నిమిషాల ప్రయాణం పదిహేడయింది. రోడ్డుకి అవతలి వైపు నలభై ఆరు ఇళ్ళు పోయాయి.

మేష్టారు వరప్రసాద్‌కి తొమ్మిది మార్కులు వేశారు. పద్మకి రెండు.

"నేను ఏడుపు చూసి గీత జరపలేదు సార్. కమిషనర్ సారు చెప్పిన్రని జరిపిన."

"అందుకే రెండమ్మా. ఏడుపు చూసి జరిపి ఉంటే ఒకటే వేద్దును."

కంపెనీ మేడ మెట్లు దిగుతుంటే వరప్రసాద్‌కి ఆబిడ్స్ మొత్తం తనకేసి చూస్తున్నట్టుంది. వెనకాల నుంచి పద్మ వచ్చి కలిసింది. ఈసారి అవ్వా అనలేదు.

"ప్రసాద్ గారూ, మీరు సభల చెప్పినయన్ని నిజమేనా?"

"ఆటలో నిజమేమిటండీ?"

"పోచమ్మ, నిజాం చిట్టీ, గవి సరే. నీళ్ల ముచ్చట మాత్రం మీ తలకాయలకెల్లి వచ్చినట్టు లేదు. ఎవరన్న చెప్పిన్రా?"

తలకాయ మీద ఆమెకున్న అభిప్రాయం వరప్రసాద్‌కి నచ్చలేదుగానీ, జయమ్మ సంగతి చెప్పాడు. పద్మ అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి ఆలోచించింది.

"నలభై ఆరు ఇండ్లు తీసేసిన్రు, మీ అవ్వ మాట మీద. రేపు ఆదివారం. ఎత్తుపల్లాలు కొలువనీకి కాలేజీ స్టోరులకెల్లి లెవెల్ మిషన్ అడిగి తెస్త. పోయి చూసొద్దాం."

ఆదివారం పొద్దున్నే, రామచందర్‌ని కూడా వెంటబెట్టుకుని, ముగ్గురూ ఆ సందులో దిగారు. పద్మ ముక్కాలి మీద మిషన్ బిగించి కన్ను పెట్టి చూసేది. వరప్రసాద్ అంకెలు వేసిన పొడుగాటి కర్ర పట్టుకుని చెప్పిన చోటల్లా నిలబడేవాడు. రామచందర్ పుస్తకంలో ఎక్కించేవాడు. జయమ్మ గుమ్మంలో కూర్చుని, అనుకున్నంతా అయిందన్నట్టు చూసింది.

"ఆటన్నవ్ గద బిడ్డా? మిషన్ దెచ్చినవ్?"

"ఇదీ ఆటేనండీ."

"ఔ ఔ."

ముందు పద్మ లోపలికి వెళ్ళి ఇల్లు చూస్తానని అడిగింది. వెనక గోడలో గూడు ఉంది. గూట్లో సబ్బుపెట్టె, దువ్వెన ఉన్నాయి. నిజాం చిట్టీ సంగతి అడిగితే జయమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీసింది. అది రైల్వేలో పనిచేసిన ఆమె పెనిమిటికి డ్యూటీ లాంతరు ఇచ్చినట్టు రసీదు. గోడ పెచ్చు ఊడిన చోట ఇటుక మీద అచ్చు కనిపించింది. పద్మ చీర చెంగుతో దుమ్ము తుడిచి చదివింది. పందొమ్మిది వందల నలభై ఒకటి.

వరప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. శాలువా కప్పుకుని తను కార్చిన కన్నీళ్ళు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"మామ్మగారూ, నూరేళ్ళన్నారే?"

"నీకు ఇల్లు నిలబడాలెనా, కట్టిన సాలు తెల్వాలెనా?" అంది జయమ్మ, ఏమాత్రం తొణక్కుండా. "ఇల్లు నిలబడే మాట అడిగినవ్, చెప్పిన. సాలు అడిగితె గదే చెప్తుంటి."

పద్మ పకపకా నవ్వింది. మరి నీళ్ళ సంగతి కూడా ఇంతేనని రామచందర్ పుస్తకం మూసెయ్యబోయాడు. పద్మ మూయనివ్వలేదు. మెట్టు పక్క గోడకి కొట్టిన సున్నం కింద, మెట్టుకి పదకొండు అంగుళాల ఎత్తున, పొడుగ్గా ఒక మరక కనిపిస్తోంది. పక్కింటి గోడకీ అదే ఎత్తున ఉంది. ఆ పక్కింటికీ ఉంది. మధ్యాహ్నం రెండింటి దాకా వీధి చివర నుంచి చివర దాకా కొలిచారు. జయమ్మ చెప్పినట్టు నీళ్ళు స్టేషన్ వైపు నుంచి రావడం లేదు. ఆబిడ్స్ వైపు నుంచి వస్తున్నాయి. దిక్కు తప్పు. మునగడం మాత్రం అక్షరాలా నిజం. సుందరపురం రోడ్డులాగా ఇక్కడ కూడా అడుగు ఎత్తు లేపితే, ఇటు ఇళ్ళూ అటు ఇళ్ళూ కలిపి రెండు వరసలూ కాలవలో కూర్చుంటాయి.

"నేను మొదటి వారం గీసిన గీతకు తొమ్మిది నిమిషాలొచ్చినయని ఎంత సంబురపడ్డనో," అంది పద్మ నెమ్మదిగా, మిషన్ పెట్టెలో సర్దుతూ. "గీడ ఒక్కసారి గూడ వచ్చి చూడలేదు. దినాం గీ పక్క సందులకెల్లే పోత."

వరప్రసాద్ కర్ర భుజాన వేసుకుని నిలబడ్డాడు. తనైతే వచ్చి చూశాడు, కూర్చున్నాడు, రాసుకున్నాడు. రాసుకున్నదాంట్లో ఏది నిలుస్తుందో చూసుకోలేదు. ఆ మాట బయటికి అనడానికి మొహమాటపడి, "మరమరాలు తింటారా?" అన్నాడు.

"ముర్మురాలు," అంది పద్మ.

సోమవారం మేష్టారు లెవెల్ పుస్తకం పేజీ పేజీ తిరగేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా ఊళ్ళో వాన లేదర్రా," అన్నారు చివరికి. "ఆరు వందల పన్నెండు కార్డుల్లో ఒక్కటీ వాన కార్డు కాదు. అదీ బొంబాయిలో నేర్పిన ఆట!"

ఆ వారమంతా ఆయన ఇంటికి ఆలస్యంగా వెళ్ళి, వాన గురించి ముప్ఫై ఎనిమిది కొత్త కార్డులు తయారు చేశారు. ముందు ఉత్తుత్తిగా ఒకసారి నడిపి చూద్దామని ఆబిడ్స్ తీసుకెళ్ళారు. కంప్యూటర్ మామూలుగా మింగింది, మామూలుగా మినుకుమంది. కాగితం చదువుతూ మేష్టారు ఆగిపోయారు. స్టేషన్ నుంచి బజారుకి ప్రయాణ సమయం: మైనస్ మూడు నిమిషాలు.

"అంటే సార్," అన్నాడు రామచందర్, "టేషన్ల బయలెల్లక ముందే బజారుకు పోయి కూసుంటరన్నట్టు. మా నాయనకు గిదే బస్సు గావాలె సార్, దినాం ఆఫీసుకు లేటే."

మేష్టారు గంటసేపు కార్డులు వెతికి, గడి తప్పి తనే పొడిపించిన ఒక తీసివేత గుర్తు పట్టుకున్నారు. వాళ్ళెవరూ ఆయన్ని అంత ఆనందంగా ఎప్పుడూ చూడలేదు.

మూడో సభ ముందు రోజు వరప్రసాద్ ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, రేపు వసుమతమ్మ తన అబద్ధాలు ఒప్పేసుకోవచ్చా?" అని అడిగాడు.

"ఎందుకు ఒప్పుకుంటుందయ్యా? ఆవిడ ఇల్లు ఇంకా గీత కిందే ఉంది కదా."

వరప్రసాద్ ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు శాలువా కప్పుకుని వచ్చి నేల మీద కూర్చున్నాడు. నూరేళ్ళ ఇల్లన్నాడు. నిజాం చిట్టీ అన్నాడు. పోచమ్మ అన్నాడు. సబ్బుపెట్టె చూసొచ్చిన రామచందర్ ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నా, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు. చీఫ్ ఇంజనీరు ఏమంటుందోనని క్లాసంతా పద్మ వైపు తిరిగింది.

పద్మ లేచి పటం పరిచింది. అబద్ధాల జోలికి పోలేదు.

"అవ్వా, ఇల్లు నూరేండ్లదైనా ముప్ఫై ఏండ్లదైనా ఇల్లు ఇల్లే. నువ్వు నీళ్ల ముచ్చట చెప్పినవ్, గది నేను పోయి కొలిచిన. నిజమే. గందుకే ముందుగాల నీళ్లు పోనీకి మోరీ కడ్తం, అటెన్కనే రోడ్డు. రోడ్డు ఎత్తు లేపం. మలుపు కాడ వెడల్పు ఐదడుగులు తక్కువ చేస్తం. నీ ఇల్లు ఉంటది. ముందటి అర్రల మూడడుగులు మాత్రం పోతయ్."

"మూడడుగులు పోతే నా మూకుడు ఎక్కడ పెట్టుకోనమ్మా?" అన్నాడు వరప్రసాద్.

ఆ ప్రశ్న అతను ముందుగా అనుకున్నది కాదు. దానంతటదే వచ్చింది. మేష్టారు బల్ల మీదకి వంగారు.

"పొయ్యికి ఎన్క గోడకు నడుమ నాలుగున్నర అడుగులున్నయ్," అంది పద్మ. "కొలిచిన. పొయ్యి ఎన్కకు జరిపితే నువ్వు కూసునే జాగ గూడ మిగులుతది. పొగ పోనీకి కిటికీ పెట్టిస్తం."

వరప్రసాద్ కాగితం ముందుకి లాక్కున్నాడు. తనకున్న ఒక్క గడిలోనూ, నిదానంగా, ఒకటి వేశాడు. కింద రెండు గీతల సంతకం చెయ్యబోయి ఆగి, వేలిముద్ర వేశాడు.

శనివారం కంప్యూటర్ చెప్పింది: ప్రయాణం తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. పోయిన ఇళ్ళు పన్నెండు. నీళ్ళు దూరిన ఇళ్ళు సున్నా.

"చీఫ్ ఇంజనీరు గారూ," అన్నారు మేష్టారు, "మొదటి వారం కంటే నలభై సెకన్లు పెరిగింది. ప్రభుత్వం అడుగుతుంది. ఏం చెబుతారు?"

"బండికి నలభై సెకన్లు సార్. ఇంట్లకు నీళ్లొస్తె ఇంటికి నాలుగు దినాల పని పోతది. రెండు లెక్కలు పక్కపక్కన రాసి పంపిస్త. నలభై సెకన్లు గావాలంటె ఎవరి ఇండ్లు తియ్యాల్నో గూడ రాసిస్త."

ఎవరికెన్ని మార్కులు వేశారో మేష్టారు ఆ రోజు చెప్పలేదు. రామచందర్‌కి నిద్ర పట్టలేదు.

పరీక్షలైపోయాయి, ఎవరి దారిన వాళ్ళు అప్రెంటిస్‌లుగా చేరారు. పద్మా వరప్రసాద్ మాత్రం ఒక పని మిగిల్చుకున్నారు. తమ లెక్క ప్రకారం మామూలు వానకి ఆ సందులో నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో లెక్కగట్టి, జయమ్మ గోడ మీద, మెట్టుకి ఏడంగుళాల ఎత్తున ఎర్ర పెయింటుతో ఒక గీత గీసి వెళ్ళారు.

జూన్ రెండో వారంలో, ఒక సాయంత్రం నాలుగింటికి, వాన విరుచుకుపడింది. వరప్రసాద్ ఆఫీసులో అడిగి, గొడుగు తీసుకుని నాంపల్లి పరుగెత్తాడు. సందులోకి తిరిగేసరికి నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. పద్మ అప్పటికే జయమ్మ అరుగు మీద నిలబడి, చీర ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో స్కేలు పట్టుకుని ఉంది.

"పదకొండు," అని అరిచింది వానలోంచి. "నాలుగంగుళాలు తప్పినం!"

"లెక్క రెండుసార్లు చూశాం కదండీ!"

"లెక్క తప్పు గాదు. నీళ్లు ఏడనో ఆగుతున్నయ్. చూడండి, గా మూల దిక్కు కదుల్తలేవు."

లోపల మూకుడు మంచం మీదకి ఎక్కించి, దాని పక్కన జయమ్మ కూర్చుని ఉంది. "ఇంకా కొలుస్తనే ఉన్నరా? సర్కారోళ్లకు కొలుసుడు తప్ప ఇంకొక పని లేదా? మోరీ ఎప్పుడు తీస్తరు?"

వరప్రసాద్ గొడుగు పద్మకి ఇచ్చి, చెప్పులు అరుగు మీద విడిచి, ప్యాంటు మడుచుకుని మూల దాకా ఈదినట్టు నడిచాడు. కాలితో తడిమాడు. బడి పిల్లలు దాటడానికి ఎవరో మోరీ మీద వేసిన షాబాదు బండ ఒకటి జారి లోపల అడ్డంగా పడిపోయి ఉంది. ఒక్కడి వల్ల కాలేదు. కేకేస్తే ఎదురింటి సైకిల్ షాపు నుంచి ఇద్దరు వచ్చారు. ముగ్గురూ పట్టి లాగితే బండ పక్కకి ఒరిగింది. మోరీ గొంతులో పెద్ద గుటక పడింది. నీళ్ళు ఆ మూలకి తిరిగాయి.

"పది!" అని అరిచింది పద్మ. కాసేపటికి, "తొమ్మిదిన్నర! టైము రాసుకోండి!"

పుస్తకం జేబులో తడిసి ముద్దయింది. వరప్రసాద్ నడుం దాకా బురదతో సైకిల్ షాపు గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడ దొరికిన బొగ్గుముక్కతో దాని మీదే రాయడం మొదలుపెట్టాడు, అయిదూ పన్నెండుకి తొమ్మిదిన్నర అని.